తెల్ల పెయింటు రేకులు

మా ఇంటాయన గంగులప్ప, పొద్దు మునిగినాక భూమి ఎట్ల సల్లబడతాదో లెక్కలేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. నవ్వుకుంటే నవ్వుకోండి, నేనూ మొదట నవ్వినదాన్నే. పుంగనూరులో మా అమ్మోళ్లింట్లో చలేస్తే దుప్పటి కప్పుకుంటాం, దానికీ లెక్కలా అని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పినాడు. పగలు తాగిన ఎండను భూమి రాత్రంతా కంటికి కనపడని వెలుగుగా పైకి వదిలేస్తాదంట. గాల్లో తేమో మబ్బో ఉంటే దాంట్లో కొంత కిందికి తిరిగొస్తాదంట. మిన్ను తేటగా ఉంటే పోయిందాంట్లో శానా మటుకు పోయినట్టే. నేల నుంచి పైదాకా గాలిని పొరలు పొరలుగా అనుకోని, ఏ పొర ఎంత పైకిస్తాది, ఎంత కిందికిస్తాది అని కంప్యూటరుతో లెక్క కట్టించేది ఆయన పని. తొంభైల చివర్లో మదనపల్లెలో రోజూ కాలేజీ వదిలినాక కంప్యూటర్ సెంటర్లో కూర్చుంటే అన్నం సంగతే గుర్తుండేది కాదు. నేను వండిపెట్టిన కూడు సల్లారిపోవడానికి మాత్రం ఏ లెక్కా అక్కరలేకపాయె.

ఆయన్ను చదివించింది వాళ్లన్న ఆదెప్ప, వదిన సిద్దమ్మ. గుడుపల్లె పక్కన పల్లెలో పట్టుపురుగులు మేపి చదివించినారు. పురుగులింటికి ఆడ దేవుడింటికున్నంత మడి. చెప్పులతో పోకూడదు, ముట్టయిన ఆడది గడప తొక్కకూడదు. పురుగులు సస్తే ఊళ్లో మొదట అడిగేది ఏం రోగమని కాదు, లోపలికి ఎవరు పోయినారని.

రెండువేల రెండు ఎండల్లో పురుగులింటి బోదగడ్డి కప్పు కుళ్లిపోతే, ఈయనే ముందుపడి కుప్పంలో రేకులు కొనిపిచ్చినాడు. పగలు వేడెక్కకుండా పైన తెల్ల పెయింటు వేయించినాడు. రాత్రిపూట రేకు మరీ సల్లబడదా అని అన్న అడిగితే, పల్చటి రేకు, గాలి ఎట్లుంటే అదీ అట్లే ఉంటాదిలే అనేసినాడు. నేనూ ఆడనే ఉండాను. డాక్టరు కాబోయే తమ్ముడు చెప్పినాక ఆ మనిషి ఇంకేం అడుగుతాడు?

ఆ డిసెంబరులో రాత్రులు మబ్బు తునక లేకుండా తేటగా ఉండినాయి. పురుగులు బాగా పెద్దవై, పట్టుగూళ్లు కట్టే ముందర తట్టల్లోనే మెత్తబడి, నల్లబడి సచ్చిపోయినాయి. పొద్దునపూట మల్బరీ ఆకు తడిగా ఉంటే మంచు లోపలికొచ్చిందిలే అనుకున్నారే గానీ ఒక్కరన్నా తలెత్తి పైకి సూడలేదు. సిద్దమ్మ అమాయకురాలు. ఆకేస్తాండంగానే ముట్టయినానని తానే ఎవరితోనో నోరు జారింది. ఇంకేముంది, ఊరంతా ఆమె మీద పడింది. పెండ్లయి వచ్చినప్పట్నించి పురుగులింట్లోనే పెరిగినట్టుండే మనిషి, బయట నిలబడి ఆకు గంపలు లోపలికి అందించే పనికి దిగింది.

సంక్రాంతి పోయినాక డాక్టరేటు వచ్చిందని కుప్పంలో తెలిసినోళ్లు మా ఆయనకు సన్మానం పెట్టినారు. శాలువా కప్పినారు. అన్నా వదినా ముందు వరసలో కూర్చోనుండారు. అందరికీ అర్థమయ్యేటట్టు చెప్తానని ఈయన మొదలుపెట్టినాడు. తెలుపు పగటి ఎండకే తెలుపు, రాత్రి పైకి పోయే వేడికి తెల్ల పెయింటైనా నల్ల పెయింటైనా ఒకటే, అట్లాంటి కప్పు సుట్టూ ఉండే గాలికంటే ఎక్కువ సల్లబడతాది, అడుగున చెమ్మ పట్టి... అంటా అంటా ఆగిపోయినాడు. వదిన దిక్కు సూసి శాలువాతో కండ్లు తుడుసుకున్నాడు. అన్నను తలుసుకోని కండ్లనీళ్లు పెట్టుకున్నాడని జనం సప్పట్లు కొట్టినారు. నాకైతే భూమిలోకి పోదామనిపించింది, ఎందుకంటే నాకూ అప్పుడే అర్థమయ్యింది.

మరుసటి పొద్దున పల్లెలో పాలు పోసే కాడ పదిమందీ ఉండంగా ఉన్నదున్నట్టు చెప్పేసినాడు. తప్పు నాది, రేకు కింద నీళ్లు పట్టి ఆకు మీద కారినాయి, ఆ తడాకు తిని పురుగులు సచ్చినాయి, వదిన్ను అనొద్దండి అన్నాడు. నోరు విప్పడానికి ఆయనకెంత సిగ్గో నాకు తెల్సు. వాళ్లేమన్నారో తెలుసా? తెల్లరేకు రాత్రిపూట గాలికంటే సల్లబడేదేంది, వదిన మైలను ఎంత మంచిగా తన మీదేసుకున్నాడు సూడు, అన్నారు. ఒక పెద్దాయన ఆయన భుజం తట్టినాడు కూడా. ఆ చెయ్యి ఇరగ్గొడదామన్నంత కోపమొచ్చింది నాకు.

తరవాతి పంటకు రేకుల మీద బోద పరిపించి, కింద ఈతసాపలు కట్టించి, ఈసారి మీరే ఆకెయ్యల్ల వదినా అని ఆయన ఎంతో బతిమాలినాడు.

"నేను లోపలికి పోయినాక పురుగులు మళ్లీ సస్తే, నీ లెక్క తప్పంటారా నాయినా, నన్నంటారా?" అనింది ఆమె.

ఆమె గడప తొక్కలేదు. పంట బ్రహ్మాండంగా వచ్చింది. సిద్దమ్మ లోపలికి పోలేదు గదా, అందుకే వచ్చిందని ఊరంతా తేల్చేసినారు. గూళ్లు తీసే పొద్దు మేమూ పోయింటిమి. సిద్దమ్మ మా ఆయన్ను పక్కకు పిలిసి, కొంగుతో మొగం తుడుసుకోని, మెల్లగా అనింది.

"నా పాపం కప్పిపెట్టేదానికి పదిమంది ముందర అబద్ధం చెప్పినావు. కడుపున పుట్టినోడన్నా అంత చెయ్యడు నాయినా."