ఎవరికి కుర్చీ ఉంది

మేడమ్ పోయారన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను ఇప్పుడుంటున్న ఎటోబికోలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా ఆదివారం గ్రూపులో డాక్టరు గారు పెట్టారు: "ఈ ఉదయం, నిద్రలోనే." బస్సు వచ్చింది, ఎక్కాను. దిగాల్సిన చోటు దాటిపోయాక తెలిసింది.

మేడమ్ హామిల్టన్‌లో ఇంగ్లిష్ సాహిత్యం బోధించి రిటైరయ్యారు. బానిసత్వానికి వ్యతిరేకంగా నూట యాభై, రెండు వందల ఏళ్ళ కిందట వచ్చిన నవలలు ఆవిడ సబ్జెక్టు. నేను ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో రెండేళ్ళు అద్దెకున్నాను. ఈ దేశం కాలేజీలకి మనవాళ్ళు ఒక్కసారిగా వందల్లో వచ్చిపడ్డ రోజులవి. ఒక్కో గదిలో నలుగురేసి పరుపులు పరుచుకునేవారు. నాకు ఒక్కదానికే ఒక గది, దానికొక చిన్న కిటికీ, పైన ఇంటినిండా పుస్తకాలు. అదృష్టమంటే ఇదే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు పై హాల్లో ఏడెనిమిది మంది తెలుగువాళ్ళు చేరేవారు. రిటైరైన ఒక డాక్టరు గారు, ఇంజినీర్లు, వాళ్ళ భార్యలు. మేడమ్ ఏదో ఒక నవలలోంచి ఒక సన్నివేశం చదివి, అందరికీ తలో తెల్లకాగితం ఇచ్చి, ఆ గది గీయమనేవారు. కూర్చున్న మనిషికి ఒక గడి. నిలబడ్డ మనిషికి ఇంటూ గుర్తు. పక్కన పేరు. నవలలో పేరు లేకపోతే ఖాళీగా వదలాలి.

"మేడమ్, మనం నవల చదువుతున్నామా, ఫర్నిచర్ లెక్కపెడుతున్నామా?" అని డాక్టరు గారు ఏడిపించేవారు.

"మాటలు అబద్ధం చెప్తాయి డాక్టరు గారూ. కుర్చీలు చెప్పవు," అనేవారు ఆవిడ.

ఒక నవలలో, పారిపోయి వచ్చిన బానిస స్త్రీ కథ విని ఇంటి యజమానురాలు సోఫాలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటుంది. చెప్పే మనిషి మాత్రం చివరిదాకా నిలబడే ఉంటుంది. వెనకాల ట్రే పట్టుకుని ఒక తెల్ల పనిమనిషి. ఆమెకి పేరే లేదు. పారిపోయి వచ్చినామె దాదాపు తెల్లగా ఉంటుందని, చక్కటి ఇంగ్లిష్ మాట్లాడుతుందని రాశారు. అదే ఇంట్లో వంట చేసే నల్లజాతి ఆమె నోట పెట్టినవన్నీ నవ్వు పుట్టించే మాటలు. "ఏడవడానికి కూడా రంగు చూసుకున్నారమ్మా వీళ్ళు," అన్నారు మేడమ్. ఆ కాలంలో ఒక ఆడమనిషి ఆపాటి రాయడానికి ఎన్ని తిట్లు తినాల్సి వచ్చేదో కూడా వెంటనే చెప్పారు. "మంచి పుస్తకమే. ఎక్కడిదాకా మంచిదో చూడాలి" అనేది ఆవిడ మాట.

ఇవన్నీ నేను వంటగది గుమ్మంలోంచి విన్నాను. మొదటి ఆదివారం ఏం చెయ్యాలో తోచక టీ పెట్టాను. రెండో వారం ఎవరో ఆంటీ, బేస్‌మెంట్ అమ్మాయి టీ భలే పెడుతుందన్నారు. ఎవరూ చెప్పకుండానే ఆ పని నాదైపోయింది. కప్పులందించి గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. కాన్వెంట్ హాస్టల్లో పదేళ్ళు పెరిగాను. పిలిస్తే తప్ప ముందుకు వెళ్ళడం నాకు తెలీదు.

నాకు చదివే అలవాటుందని తెలిసి మేడమ్ ఆ నవల నాకిచ్చారు, ఒక తెల్లకాగితంతో సహా. సన్నివేశం గీశాను. తర్వాత ఎందుకో కాగితం తిప్పి మేడమ్ హాలు గీశాను. ఎనిమిది గళ్ళు, ఎనిమిది పేర్లు. వంటగది గుమ్మం దగ్గర ఒక ఇంటూ గుర్తు. దాని పక్కన ఏమీ రాయలేదు. అది నా కోసం గీసుకున్నది. కాగితం అందులోనే ఉన్న సంగతి మర్చిపోయి పుస్తకం తిరిగి ఇచ్చేశాను.

గుర్తొచ్చేసరికి క్లాసులో ఉన్నాను. గది పోతుందన్న భయం ఉంది. ఆ సెప్టెంబరులో మరో గది దొరకడం కల్ల. అంతకన్నా పెద్ద భయం, ఆ ఊళ్ళో నాతో పుస్తకాల గురించి మాట్లాడే ఒకే ఒక్క మనిషి దూరమవుతారని. మూడు రోజులు పక్క తలుపులోంచి చప్పుడు కాకుండా వచ్చిపోయాను.

ఆదివారం అందరూ రాకముందే మేడమ్ పైకి పిలిచారు. కాగితం బల్ల మీద ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నారు.

"మొదటి వారం నుంచి మేడమ్."

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. సారీ చెప్పలేదు. ఆవిడకి అది తేలిగ్గా వచ్చే మాట కాదు. హాస్టల్లో నాకు జడలు ఎవరు వేసేవారని అడిగారు.

"ఆయమ్మ."

"పేరు?"

నాకు తెలీదు. పదేళ్ళు నా తల దువ్విన మనిషి.

"సరే. ఇద్దరం ఒకే బెంచీ మీదున్నాం," అన్నారు మేడమ్.

లేచి, డైనింగ్ బల్ల దగ్గరి కుర్చీ ఒకటి తనే మోసుకొచ్చి, కిటికీ దగ్గర తన కుర్చీ పక్కన వేశారు. ఇది ఇక ఇక్కడే ఉంటుందన్నారు. ఆ రోజు టీ డాక్టరు గారి వంతయింది. ఆయన చక్కెర రెండుసార్లు వేశారు. నేను కూర్చుని పేజీన్నర గట్టిగా చదివాను. ఎవరూ ఆపలేదు.

ఆ రోజుతో ఆవిడ మెత్తబడిపోయారని చెప్పను. హీటింగు ఒక్క డిగ్రీ పెంచినా ఊరుకునేవారు కాదు. నా ఉచ్చారణ నలుగురిలో దిద్దేవారు. కానీ చివరి నెలలో ఆవిడని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తే, గది తుడుస్తున్న ఆమెని పేరుతో పిలిచి నాకు పరిచయం చేశారు. అప్పుడే నేనూ చెప్పాను. పాత క్లాస్‌మేట్లందరినీ అడగ్గా అడగ్గా తెలిసింది, మా ఆయమ్మ పేరు సువార్తమ్మ. మేడమ్ కళ్ళు మూసుకుని ఆ పేరు ఒకసారి పలికారు. "ఎక్కడైనా రాయి," అన్నారు.

ఇదిగో, రాశాను.

అంత్యక్రియలయ్యాక అందరం ఆ ఇంటికే వెళ్ళాం. జనం ఎక్కువయ్యారని హాల్లో కుర్చీలన్నీ గోడవారకి జరిపారు. డాక్టరు గారు ట్రే పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డారు. నా చేతికి కప్పిస్తూ, ఈసారి చక్కెర సరిగ్గానే వేశానమ్మా అన్నారు. వెయ్యలేదు. తాగాను.

కిటికీ దగ్గర కార్పెట్ మీద కుర్చీ కాళ్ళ గుంటలు నాలుగు, ఏళ్ళ తరబడి దిగిపోయి, లోతుగా ఉన్నాయి. వాటి పక్కనే, అంత లోతు లేనివి, మరో నాలుగు.