కట్టుడు పళ్ల గది

నేను కట్టుడు పళ్లు చేస్తాను. పళ్ల డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి మైనంలో పళ్లు పేర్చి, గులాబీరంగు అక్రిలిక్‌లో పోతపోసి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపడం నా పని. రాజమండ్రిలో ఒక ల్యాబ్‌లో పదకొండేళ్లు ఇదే చేశాను. అక్కడ ఆరుగురం ఉండేవాళ్లం. ఓనరు గారు కంప్యూటర్ మీద పళ్లు కోసే మెషిన్ కొనుక్కుని విజయవాడ వెళ్లిపోయాక తలోదిక్కు అయ్యాం. ఒకరు మెడికల్ షాపులో చేరారు, ఒకరు ఊరికెళ్లి కొబ్బరి వ్యాపారంలో దిగారు. నాకు వేరే పని రాదు. పైగా ఈ పనంటే ఇష్టం.

సామర్లకోటలో ఉన్న మా అన్నయ్య, "ఎక్కడైనా జీతానికి చేరరాదా, ఒక్కదానివీ ఎందుకీ బాధ?" అన్నాడు. నా పెళ్లి మూడేళ్లకే ముగిసిపోయింది కాబట్టి వాడి దృష్టిలో నేను చేసే ప్రతి పనీ ఒక్కదాన్నే చేస్తున్నట్టే ఉంటుంది. నేను వినలేదు. ధవళేశ్వరంలో, ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరైన ఒకావిడ ఇంటి మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాను. ఒక గదిలో పడక, రెండో గదిలో పని.

మొదటి నెలలన్నీ క్లినిక్‌ల బెంచీల మీదే గడిచాయి. నేను చేసిన ఒక పళ్ల సెట్టుని టిఫిన్ బాక్సులో దూది పరిచి పెట్టుకుని, దవడలు వాచిన పేషెంట్ల మధ్య కూర్చునేదాన్ని. చివరి పేషెంటు కూడా వెళ్లాక డాక్టరు గారు పిలిచి, ఆ సెట్టుని లైటు కింద తిప్పి చూసేవారు. కడియంలో ఒకాయన, "వర్కు బాగుందండి. ఎంతమంది ఉంటారు మీ ల్యాబ్‌లో?" అని అడిగారు.

"నలుగురం ఉంటామండి," అన్నాను.

ఎందుకన్నానో అప్పుడే తెలుసు నాకు. ఒక్కదాన్నే అంటే అచ్చు చేతికివ్వరని భయం. ఆ ఒక్క మాట తర్వాత ఇక వెనక్కి తీసుకోలేకపోయాను. ఫోన్ వస్తే, "చేస్తామండి", "మావాళ్లు పోతపోస్తున్నారండి", "చూసి చెప్తామండి". ఎవరైనా ఫోన్ టెక్నీషియన్‌కి ఇవ్వమంటే, "ఇప్పుడే బయటికెళ్లారండి, నాకు చెప్పండి, నేను చెప్తాను," అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక ఆ లేని ముగ్గురూ గదిలో ఉన్నట్టే అనిపించేది కాసేపు.

పాత ల్యాబ్‌లో అచ్చు గట్టిపడేదాకా టీ తాగేవాళ్లం. ఎవరో ఒకరు అత్తగారి గురించి చెప్పేవారు, ఇంకొకరు పాడేవారు, మిగతావాళ్లు ఆపమనేవాళ్లు. ఇక్కడ అచ్చు గట్టిపడేదాకా నేను గోడ వైపు చూస్తూ కూర్చోవడమే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కింద ఇంటావిడ పడుకుంటారు కాబట్టి పళ్లు అరగదీసే మోటారు వేయకూడదు. ఆ రెండు గంటలూ మరీ కష్టం. ఊరికే మెట్లు దిగి కొట్టుకెళ్లి, ఇంట్లో ఉన్న ఉప్పే మళ్లీ కొనేదాన్ని. కొట్టతను "ఇంకేంటండి?" అనేవాడు. "ఇంకేం లేదండి" అనేదాన్ని. కొన్ని రోజులు నేను మాట్లాడిన మాటలు అంతే.

బల్ల మీద మాత్రం ఎప్పుడూ నోళ్లే ఉండేవి. పై దవడలు, కింది దవడలు, పక్కన ఒక చీటీ: ఆడ, అరవై ఎనిమిది. మగ, డెబ్బై ఒకటి. పేరు ఉండదు. ఎవరు ఎడమ పక్క నమిలేవారో, ఎవరికి చిగురు అరిగి పల్చబడిందో నాకు తెలుసు. వాళ్ల మొహాలు తెలియవు. నేను చేసిన పళ్లతో ఒక మనిషి నవ్వగా, మాట్లాడగా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

రెండో ఏడు వానాకాలంలో జ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులు లేవలేకపోయాను. కింద ఇంటావిడ రోజూ గంజి పంపేవారు, డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లింది కూడా ఆవిడే. ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. లేచి మొదట కడియం డాక్టరు గారికి చేశాను. ఆయన పేషెంటు ఒకాయన, కూతురి పెళ్లికి పళ్లు అందక, చేత్తో నోరు మూసుకునే పెళ్లి జరిపించారట.

"మీ నలుగురిలో ఒక్కరికీ ఫోనెత్తే తీరిక లేకపోయిందా అండీ?" అన్నారాయన. కోపంగా కూడా అనలేదు.

జ్వరమని చెబితే మిగతా ముగ్గురేమయ్యారంటారని, సారీ చెప్పి పెట్టేశాను. ఆయన మళ్లీ పని పంపలేదు. ఆ పెళ్లికూతురి తండ్రి సంగతి ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. నాకు జ్వరమొచ్చిందన్న సంగతి ఆయనకి ఎప్పటికీ తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి రావులపాలెం నుంచి ఒక సెట్టు వెనక్కొచ్చింది. అక్కడి లేడీ డాక్టరు గారు నాకు మొదటి నుంచీ పని ఇస్తున్న ఆవిడ. చీటీ మీద, "కుదిరింది, కానీ మాట సరిగ్గా రావట్లేదంటున్నారు" అని రాసి ఉంది. అంగిలి దగ్గర మందం తగ్గించి పంపాను. వారానికి మళ్లీ వచ్చింది. ముందు పళ్లని కొంచెం లోపలికి జరిపి పంపాను. మూడోసారీ వచ్చింది.

డాక్టరు గారు ఫోన్ చేశారు. "ఆవిడ రిటైరైన తెలుగు టీచరండి. ఒక పట్టాన ఒప్పుకోరు. మోకాలు దెబ్బతిని క్లినిక్‌కి కూడా రాలేకపోతున్నారు. ఈసారి కుదరకపోతే విజయవాడ ల్యాబ్‌కి పంపేస్తాను, ఏమీ అనుకోకండి."

"ఒకసారి ఆవిడ మాట్లాడుతుంటే వినాలండి మేడం. తీసుకెళ్తారా?"

"ఆదివారం నేనెలాగూ చూడ్డానికి వెళ్తాను. మీ టెక్నీషియన్‌ని పంపించండి, మీరొచ్చి ఏం లాభం?"

చేతిలో ఆ సెట్టు ఉంది. "టెక్నీషియన్‌ని నేనేనండి," అన్నాను. "నేను తప్ప ఇక్కడ ఎవరూ లేరు మేడం. మొదట్నుంచీ లేరు."

"ఇన్నాళ్లూ అన్నీ మీరొక్కరే చేస్తున్నారా?" అన్నారావిడ. "సరే, తొమ్మిదింటికల్లా వచ్చేయండి."

ఆదివారం పొద్దున్నే మైనం, స్పిరిట్ దీపం, కత్తి సంచిలో వేసుకుని బ్యారేజీ మీదుగా వెళ్లే బస్సెక్కాను. రావులపాలెం నుంచి డాక్టరు గారి కారులో వెళ్లాం. టీచరు గారు చెల్లెలి కుటుంబంతో ఉంటున్నారు. ఇల్లు నిండా మనుషులు, టీవీ, ఇద్దరు పిల్లలు పోట్లాడుకుంటున్నారు. ఆవిడ మాత్రం వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఒళ్లో ఒక నోటు పుస్తకం.

"మూడు నెలల నుంచి అంతా రాతేనండి," అంది వాళ్ల చెల్లెలి కోడలు. "పళ్లు తినడానికి పెట్టుకుంటారు. మాట్లాడాలంటే తీసేస్తారు, తీసేస్తే గాలిపోతుందని మాట్లాడరు."

టీచరు గారు పుస్తకంలో రాసి నా వైపు తిప్పారు. గుండ్రటి అక్షరాలు. 'నలభై ఏళ్లు పిల్లలకి ఉచ్చారణ నేర్పాను. తప్పు పలకలేను.'

"రాయకండి టీచర్ గారూ," అన్నాను. "నేను వినడానికే వచ్చానండి."

సెట్టు పెట్టుకుని ఆవిడ నెమ్మదిగా, "శంఖం. షడ్రుచులు. సముద్రం," అన్నారు. మూడూ ఒకేలా, ఈలలా వచ్చాయి. ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు.

"ఏమనిపిస్తోందండీ లోపల?"

"నున్నగా ఉందమ్మాయ్. నాలుకకి ఆనవాలు దొరకట్లేదు. ఎక్కడ ఆనాలో తెలియక జారిపోతోంది."

ఎవరి నోట్లోనైనా ముందు పళ్ల వెనక, అంగిలి మీద చిన్న చిన్న గరుకు గీతలుంటాయి. ఆవిడ అచ్చు మీదా ఉన్నాయి. వాటిని పూర్తిగా పూడ్చి, అద్దంలా మెరిసేదాకా మెరుగుపెట్టింది నేనే. అది నా పనితనమని అనుకునేదాన్ని. డాక్టర్లు లైటు కింద పెట్టి మెచ్చుకునేది కూడా ఆ మెరుపునే. ఇన్నేళ్లుగా ఎంతమందికి అలా చేసి పంపానో.

వసారా చివర స్పిరిట్ దీపం వెలిగించి, కరిగిన మైనంతో అంగిలి మీద గీతలు గీశాను. చల్లార్చి ఇస్తే డాక్టరు గారు నోట్లో అమర్చారు. మరీ ఎత్తయ్యాయి, నత్తిలా వచ్చింది. గీకాను. రెండోసారి "ష" కుదిరింది, "శ" కుదరలేదు. మూడోసారి ఆవిడ నాలుకతో లోపల తడుముకుని, కళ్లు మూసుకుని, "శంఖం," అన్నారు. తర్వాత మిగతా రెండు మాటలూ. లోపల టీవీ ఎవరో ఆపేశారు. పిల్లలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"సబ్దం బాగా వచ్చిందండి," అన్నాను.

"శబ్దం," అన్నారావిడ. "నీకు పళ్లన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా?"

డాక్టరు గారు నవ్వేశారు. నేనూ నవ్వాను. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ పూట అక్కడే భోజనం పెట్టారు. టీచరు గారు భోజనంలో ఒక్క నిమిషం మాట్లాడకుండా లేరు. మూడు నెలల మాటలు దాచిపెట్టుకున్నట్టున్నారు.

ఇంటికొచ్చి ఆ గీతలని అక్రిలిక్‌లో చేసి పంపాను. ఆ మర్నాడు గది నాకు అంతకుముందెన్నడూ లేనంత ఖాళీగా అనిపించింది. అలవాటైపోయిందనుకున్నది అలవాటు కాలేదని తెలిసింది. టీచరు గారు కొన్నాళ్లు వారం వారం ఫోన్ చేశారు. తర్వాత నెలకోసారి. ఇప్పుడు పండగలకి చేస్తారు. ఆవిడ మాట్లాడాల్సిన వాళ్లు ఆవిడ ఇంట్లోనే ఉన్నారు, అందులో తప్పేముంది.

అప్పటి నుంచి అందరికీ ఒక్కదాన్నేనని చెప్పేశాను. రెండు క్లినిక్‌లు మానేశాయి. మిగతావాళ్లు ఉండిపోయారు. పేషెంటు మాట్లాడుతుంటే వింటానని అడిగితే చాలామంది డాక్టర్లు వద్దన్నారు. రావులపాలెం డాక్టరు గారు మాత్రం రెండు వారాలకోసారి, గురువారం, కుర్చీ పక్కన నాకొక స్టూలు వేయిస్తారు.

పోయిన గురువారం ఒక రైతు గారు మొదటిసారి పళ్లు పెట్టుకున్నారు. అద్దంలో చాలాసేపు చూసుకుని, "ఇవి ఎవరు చేశారండి?" అని అడిగారు. డాక్టరు గారు నన్ను చూపించారు.

ఆయన నా వైపు తిరిగి, "భోంచేశారా అమ్మా?" అన్నారు.

"లేదండి," అన్నాను.

ఆయన సంచిలోంచి రెండు జాంకాయలు తీసి నా చేతిలో పెట్టి వెళ్లారు. బస్సులో ఒకటి తిన్నాను. మేడెక్కి తలుపు తీసి, ఆ రోజు తెచ్చిన అచ్చులు నీళ్లలో నానబెట్టాను. మళ్లీ రావులపాలెం వెళ్లడానికి ఇంకా పద్నాలుగు రోజులుంది.