ఎడమవైపు ఫుట్‌రెస్టు

దయ్యాల మాట ఎత్తగానే లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చుకునే రకం నేను. నమ్మను, నమ్మేవాళ్లతో వాదించను కూడా. పదహారేళ్లుగా హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతున్నాను. మాది చర్చికి వెళ్లే కుటుంబమే. అయినా ఫలానావాళ్లకి కలలో ఏదో కనిపించిందట అని ఎవరైనా మొదలుపెడితే రాత్రి ఏం తిన్నారో కనుక్కోమని ఎగతాళి చేసేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఇప్పుడు రోజూ పొద్దున బండి తీసేముందు వంగి ఎడమవైపు వెనక ఫుట్‌రెస్టు చూసుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు నేనాడిన అబద్ధం గురించి చెప్పాలి.

మేము మార్కాపురం నుంచి వచ్చి పన్నెండేళ్లుగా బెంగళూరు వర్తూరులో ఉంటున్నాం. నా భార్య సలోమి నర్సు. నేను పనిచేసే స్కూలు హూడిలో ఉంది. మా అమ్మాయి కీర్తన కూడా అదే స్కూల్లో చదువుతుంది. ఒకటో తరగతి నుంచీ నా బండి వెనకే కూర్చుని వచ్చేది.

ఆ పొద్దుటి ట్రాఫిక్‌లో నిద్రపోవడం దానికి అలవాటు. నేను బ్రేకు వేసిన ప్రతిసారీ దాని హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి వెనక తగిలేది, టక్కుమని. "నిద్రపోకే" అని నేను అరిచేవాణ్ణి. నా నడుము పట్టుకున్న చేతులు కాస్త బిగిసేవి. మళ్లీ రెండు నిమిషాలకి టక్కుమనేది. ఏళ్ల తరబడి ఇదే వరస. వెనక్కి తిరక్కుండానే ఆ దెబ్బని బట్టి అది మేలుకుని ఉందో, తూగుతోందో, అలిగిందో చెప్పగలిగేవాణ్ణి.

పోయినేడాది మార్చిలో పరీక్షల సమయంలో, బండి మీద ఉండగా ఫోన్ మోగింది. ఇన్విజిలేషన్ డ్యూటీ మార్చుకుందామని తోటి టీచరు. ఒక చేత్తో ఫోన్‌ని హెల్మెట్‌లోకి, చెంపకీ స్పాంజికీ మధ్యకి దూర్చాను. బెంగళూరులో చాలామంది చేసే పనే, నేను ఏళ్లుగా చేస్తున్న పనే. అలా దూర్చుతూ ముందున్న స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదు. బండి ఎడమపక్కకి పడింది. వెనక తూగుతున్న పిల్ల కాలు బండి కింద ఉండిపోయింది.

మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. లోపల రాడ్ వేశారు. నాకు మోచెయ్యి దోక్కుపోయింది, అంతే.

ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చిన సలోమి ఏమైందని అడిగింది. "కుక్క అడ్డమొచ్చింది" అన్నాను. ఆలోచించి అనలేదు, నోట్లోంచి జారిపోయింది. సాయంత్రానికి ఆ కుక్కకి రంగు కూడా వచ్చేసింది. నల్లది అని చెప్పాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆపదలోంచి బయటపడ్డవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. పాస్టరు అయ్యగారు మైకు నా చేతికిచ్చారు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. నల్లకుక్క ఎలా దూకిందో, లారీ చక్రాల కింద పడకుండా దేవుడు మమ్మల్ని ఎలా పక్కకి తోశాడో చెప్పాను. ఆ లారీ కూడా అప్పటికప్పుడు వచ్చిందే. ముసలామెలు కళ్లొత్తుకున్నారు. స్తోత్రం, స్తోత్రం అన్నారు. బయట సలోమి అందరికీ లడ్డూలు పంచింది. కీర్తన ముందు వరుసలో చక్రాల కుర్చీలో కూర్చుని కన్నార్పకుండా నన్నే చూస్తూ వింది.

నా అబద్ధం ఖరీదు చెల్లించింది కీర్తనే. మా వీధిలో గోధుమరంగు కుక్క ఒకటి ఉంది. కీర్తన రోజూ సాయంత్రం రస్కులు పెట్టేది కాబట్టి దాని పేరు రస్క్. కట్టు విప్పాక కూడా మా అమ్మాయి దాని దగ్గరికి వెళ్లలేదు. రస్క్ అనే కాదు, ఏ కుక్క మొరిగినా ఒళ్లంతా బిగుసుకుపోయేది. రోడ్డు దాటడానికి నా చెయ్యి వెతుక్కునేది. బండి ఎక్కనంది, స్కూలుకి వ్యాన్‌లో వెళ్లడం మొదలుపెట్టింది. దాని తెల్ల హెల్మెట్ బీరువా మీదికి చేరింది.

ఈ వేసవి సెలవుల్లో నాకు ఇంట్లో కాలు నిలవలేదు. స్కూలు ఉన్నన్నాళ్లూ పనిలో పడి తోచదు. సెలవుల్లో మాత్రం రోజంతా ఎదురుగా ఉంటుంది కదా పిల్ల. బాల్కనీలో నిలబడి కిందికి చూసేది. గేటు దగ్గర రస్క్ కూర్చుని పైకి చూసేది. ఆ ఇద్దరి మధ్యా నేను కాఫీ గ్లాసు పట్టుకుని తిరిగేవాణ్ణి.

అందుకని పొద్దున్నే ఐదున్నరకి బండి తీసేవాణ్ణి. ఒకరోజు హొసకోటె దాకా, ఒకరోజు నంది కొండ కింది దాకా, ఒకరోజు ఎటు వెళ్తున్నానో తెలియకుండా. ఎక్కడా పది నిమిషాలు కూర్చునేవాణ్ణి కాదు. చేరగానే తిరిగొచ్చేయాలనిపించేది, ఇంటి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పోవాలనిపించేది. "పెట్రోలు బంకువాళ్లకి మీరేమైనా అల్లుడా?" అని సలోమి దెప్పేది.

ఇక ఫుట్‌రెస్టు సంగతి. బండి పడినప్పుడు వెనక ఎడమవైపుది వంగిపోయింది. మార్చకుండా సుత్తితో కొట్టించి సరిచేయించాను. అప్పట్నుంచి అది ఎంత బిగువంటే, కిందికి దించాలంటే మడమతో గట్టిగా తన్నాలి, పైకి మడవాలంటే రెండు చేతులూ కావాలి. వెనక కూర్చునేవాళ్లు లేరు కాబట్టి ఏడాది పైగా అది మడిచే ఉంది.

మే నెలలో ఒకరోజు యలహంక మీదుగా దొడ్డబళ్లాపుర రోడ్డు పట్టాను. యలహంక దాటాక టీ కోసం ఆగి, తోచక బండంతా గుడ్డతో తుడిచాను. అప్పుడు ఫుట్‌రెస్టు మడిచే ఉంది. ఇది నాకు బాగా గుర్తు, ఎందుకంటే దాని సందులో గుడ్డ ఇరుక్కుని చిరిగింది.

టీ తాగి బయల్దేరాను. ఏడు అయ్యుంటుంది. తెల్లగా ఎండ, దాదాపు ఖాళీ రోడ్డు. ఫోన్ మోగింది. స్కూలు నుంచి, వేసవి అడ్మిషన్ల డ్యూటీ గురించి.

ప్రమాదం తర్వాత ఆరు నెలలు ఫోన్‌ని బ్యాగులోంచి బయటికి తీయలేదు. తర్వాత అది జేబులోకి వచ్చింది. తర్వాత మళ్లీ హెల్మెట్‌లోకి వచ్చింది. సిగ్గుచేటే, కానీ జరిగింది అదే.

ఆ రోజూ ఎడమచేత్తో ఫోన్ దూర్చుతున్నాను. అప్పుడు నా హెల్మెట్ వెనక టక్కుమంది.

గులకరాయి తగిలిందనుకున్నాను. మళ్లీ టక్కుమంది. ఈసారి నా మెడ తెలుసుకుంది, నా బుర్ర కంటే ముందు. రాయి తగిలితే ఒకచోట చురుక్కుమంటుంది. ఇది అలా కాదు, గుండ్రటి బరువైనది వచ్చి ఆనడం. బ్రేకు మీద కాలు కూడా వేయలేదు నేను. మూడోసారి గట్టిగా, కోపంగా తగిలింది. నా తల ముందుకి ఊగింది, ఫోన్ జారి రోడ్డు మీద పడింది.

బండి ఆపాను. వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

ముందుకి చూశాను. ఏ లారీయో, గుంతో ఉంటుంది, దాన్నుంచి తప్పించడానికే ఇదంతా అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఉంటే బాగుండనుకున్నాను. మళ్లీ ఒక సాక్ష్యం దొరికేది. ముందు ఏమీ లేదు. కనుచూపుమేర నున్నటి రోడ్డు.

ఫోన్ తెచ్చుకుందామని దిగితే ఫుట్‌రెస్టు కనిపించింది. ఎడమవైపుది పూర్తిగా దిగి ఉంది. కుడివైపుది మడిచినట్టే ఉంది. వంగి చేత్తో కదిపాను. ఎప్పటిలాగే బిగువుగా ఉంది. దాన్ని మడిచే ధైర్యం రాలేదు. పగిలిన ఫోన్ తీసి జేబులో వేసుకున్నాను. అద్దంలో వెనక్కి చూసుకుంటూ, నెమ్మదిగా ఇంటికొచ్చాను. మళ్లీ ఏమీ తగల్లేదు.

సలోమి అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయింది. కీర్తన అప్పుడే లేచినట్టుంది, జుట్టు రేగి ఉంది, వాష్‌బేసిన్ దగ్గర బ్రష్ మీద పేస్టు పెట్టుకుంటోంది. నా ఫోన్ జేబులోనే ఉంది, బయటికి తీయలేదు. కీర్తన అద్దంలోనే నన్ను చూస్తూ అడిగింది.

"డాడీ, ఫోన్ పగిలిందా?"

నా చెయ్యి జేబు మీదికి పోయింది.

"డ్రీమ్ వచ్చింది" అంది. "నేను బండి వెనకాల ఉన్నా. నువ్వు ఫోన్ హెల్మెట్‌లో పెట్టుకుంటున్నావు. వద్దని చెప్దామంటే వాయిస్ రాలేదు. అందుకే తలతో కొట్టా. త్రీ టైమ్స్ కొట్టా."

ఇటు తిరిగి అంది.

"నాకు భయమేసి కుక్క ఎక్కడుందో అని అంతా చూశా డాడీ. కుక్క లేదు."

అది ఆ రోజు సంగతి అడుగుతోందో పోయినేడాది సంగతి అడుగుతోందో నాకు తెలియలేదు. రెండింటికీ జవాబు ఒకటే. అక్కడే తలుపుకి ఆనుకుని నిలబడి చెప్పేశాను. కుక్క లేదని, లారీ లేదని, ఫోన్ ఒక్కటే ఉందని.

అది ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. బ్రష్ మీది పేస్టు జారి బేసిన్‌లో పడింది. "మరి రస్క్ ఏం చేసింది?" అంది. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

ఆ సాయంత్రం రస్కుల ప్యాకెట్ పట్టుకుని ఒక్కతే కిందికి దిగింది. గేటు లోపలే చాలాసేపు నిలబడింది. తర్వాత గేటు తీసింది. నేను బాల్కనీలోంచి చూశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సలోమికి కూడా ఆ రాత్రే చెప్పాను. "చెవిలో ఫోన్ పెట్టుకుని పడ్డవాళ్లకి కట్లు కట్టేది నేనే. నా మొగుడూ అదే బాపతని తెలియక మీ అబద్ధానికి లడ్డూలు పంచాను" అంది. చాలారోజులు ఆ లడ్డూలు నాకు గొంతులో అడ్డం పడ్డాయి.

మూడో రోజు కీర్తన మాట్లాడింది, ఒక్క ముక్క. "మైకులో చెప్పావు కదా, మైకులోనే చెప్పు."

ఈలోగా నేను ఊరుకోలేదు. హూడిలో నా బండి చూసే మెకానిక్ మునియప్ప దగ్గరికి వెళ్లాను. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. కుదుపులకి ఫుట్‌రెస్టు దిగుతుందా అని అడిగాను. అతను దాన్ని మడిచి, బండిని ఎత్తి నేలకేసి కొట్టాడు. స్పానర్‌తో బాదాడు. అది కదల్లేదు.

"ఇది దానంతట అది దిగేది కాదప్పా మేష్ట్రే" అన్నాడు. "చూడు, ఎంత బిగువుగా ఉండాదో. ఎవురో కాలు పెట్టి తన్నుండారు. పిల్లోళ్లు ఎవురన్నా ఎక్కినారేమో."

వర్తూరు చుట్టుపక్కల ఎన్ని గుంతల రోడ్లున్నాయో అన్నింటి మీదా తిప్పాను. మళ్లీ ఆ దొడ్డబళ్లాపుర రోడ్డు మీదా రెండుసార్లు అదే వేగంతో వెళ్లాను. ఒక్కసారి కూడా దిగలేదు. చివరికి నేనే మడమతో తన్ని దించి అలాగే వదిలేశాను.

ఆ ఆదివారం అయ్యగారిని మైకు అడిగాను. ఉన్నదున్నట్టు చెప్పాను. దేవుడి మీద పెట్టి అబద్ధమాడానని చెప్పాను. వెనక వరుసలో ఒక పెద్దాయన అలవాటు కొద్దీ ఆమెన్ అని నాలుక కరుచుకున్నాడు. ఆ రోజు బయట ఎవరూ ఏమీ పంచలేదు. నాతో కొంతమంది ఇప్పటికీ ముఖం చూసి మాట్లాడరు.

కానీ దెబ్బల గురించీ, ఫుట్‌రెస్టు గురించీ ఆ మైకులో చెప్పలేదు. చెబితే జనం నా తప్పు మర్చిపోయి దాని గురించే మాట్లాడుకుంటారని భయపడ్డాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కల సంగతి ఏదో ఒకలా సర్దిచెప్పుకోవచ్చు. పిల్ల మనసులో ఎప్పట్నుంచో అనుమానం ఉండి ఉండొచ్చు. నా మెడ నన్ను మోసం చేసి ఉండొచ్చు. ఫుట్‌రెస్టుని మాత్రం ఏం చేయాలో తెలియడం లేదు. బలం ప్రయోగించనిదే వస్తువు కదలదని ఏటా జూన్‌లో మొదటి పాఠం చెబుతాను. ఈసారి ఆ పాఠం చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

స్కూలు తెరిచిన రోజు నేను బండి స్టార్ట్ చేస్తుంటే కీర్తన మెట్లు దిగి వచ్చింది. చేతిలో తెల్ల హెల్మెట్. "ఫోన్ ఇటివ్వు" అని తీసుకుని తన బ్యాగులో వేసుకుంది. దిగి ఉన్న ఫుట్‌రెస్టు మీద రాడ్ వేసిన కాలు పెట్టి ఎక్కింది. గేటు దగ్గర రస్క్ లేచి నిలబడింది.

హూడి సిగ్నల్ దగ్గర బ్రేకు వేశాను. హెల్మెట్ వెనక టక్కుమంది.

ఆ దెబ్బ నాకు తెలుసు. దొడ్డబళ్లాపుర రోడ్డు మీద తగిలింది కూడా అదే. అప్పుడు మా అమ్మాయి వర్తూరులో మంచం మీద నిద్రపోతోంది. ఇంతకుమించి నాకేమీ తెలియదు.