పెళ్ళికూతురికి చేప దవడ

కూర్మమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాట పొందూరులో ఎవర్నడిగినా చెబుతారు. అరవై రెండేళ్ళ బతుకులో ఆవిడ ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మోకాళ్ళ నొప్పులని చెప్పి ఎవరి పేరంటమో ఎగ్గొట్టడం, కూర మాడితే తప్పు గ్యాసు పొయ్యి మీదికి నెట్టెయ్యడం, అంతకు మించి లేదు. కానీ ఒక్కటి మాత్రం ఏనుగంతది ఆడింది. అదీ కెమెరా ముందు, కుర్చీలో కూర్చుని, కొబ్బరిబొండాం తాగుతూ ఆడింది.

ఆవిడ పుట్టిల్లు చీపురుపల్లి పక్కన. పదహారో ఏట తిరుమలరావుని చేసుకుని పొందూరు కాపురానికొచ్చింది. తిరుమలరావు అక్క చిన్నతల్లికి కూడా ఆ ఊళ్ళోనే, ఆ వీధిలోనే సంబంధం కుదిరింది. నూలు వడకడంలో ఆవిడ అప్పటికే చెయ్యి తిరిగిన మనిషి. మరదలు వచ్చిన నెల తిరక్కుండానే చేతిలో వాలుగ చేప దవడ పెట్టింది. ఎండిన ఆ దవడకి చిన్న చిన్న పళ్ళు, సూది మొనల్లా వరసగా ఉంటాయి. దాంతో కొండపత్తిని దువ్వితే చెత్తా చెదారం రాలిపోయి పోగులన్నీ ఒక వైపుకి సర్దుకుంటాయి. దాన్నే ఏకడం అంటారు. ఏ మిషను వల్లా కాని పని అది.

"పళ్ళు ఎల్తన్నట్టు పత్తికి తెలీకూడదే, కూర్మీ," అనేది చిన్నతల్లి. "తెలిసిందంటే పోగు తెగిపోతాది."

కూర్మమ్మ చేతికి ఆ పని పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత నలభై ఏళ్ళకి పైగా వదినా మరదళ్ళ రాట్నాలు రాట్నాల షెడ్డులో పక్కపక్కనే తిరిగాయి. అత్తల మీద, కోడళ్ళ మీద, కందిపప్పు ధర మీద మాట్లాడుకుంటూ ఎన్ని వేల గజాల నూలు తీశారో వాళ్ళకే తెలీదు. చిన్నతల్లి నోరు కరుకు. మెచ్చుకోవడం ఆ నోటికి రాదు. నూలు సన్నగా వచ్చిన రోజున "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" కోసమే కూర్మమ్మ బతికిందంటే అతిశయోక్తి కాదు.

అలాంటి ఊరికి నిరుడు మాఘమాసంలో సినిమావాళ్ళు దిగారు.

అదేదో మహా సినిమా. మొత్తం పదకొండు పాటలు. రెండు పాటల మధ్య హీరో ఒకసారి కోప్పడతాడు, ఇంకో రెండు పాటల మధ్య హీరోయిన్ ఒకసారి ఏడుస్తుంది, కథంటే అంతే. కానీ పాట పాటకీ ఒక లోకమే కట్టారు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు ఊరికే అన్లేదు. ఈ ఊళ్ళో తియ్యాల్సిన పాటలో హీరోయిన్ నూలు వడికే పిల్ల. ఊరి బయట మైదానంలో రెండు వందల రాట్నాలు పెట్టి, అన్నిటికీ బంగారు రంగు కొట్టారు. ఒక్కటీ తిరగదు. నూలు తెల్లగా ఉంటే కెమెరాకి ఆనదని ఎర్రరంగు వేశారు. పత్తి ఏకేవాళ్ళు ఎండలు మండే వైశాఖంలో కూడా ఫ్యాను వేసుకోరు, గాలికి పత్తి ఎగిరిపోతుందని కిటికీలు కూడా మూసుకుంటారు. అలాంటిది, మనిషంత ఫ్యాన్లు నాలుగు తెచ్చి బస్తాల పత్తి గాల్లోకి ఎగరేశారు. మంచు కురిసినట్టుందని అందరూ చప్పట్లు కొట్టారు.

పని తెలిసిన పెద్దావిడ ఒకరు పక్కనుండి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పాలన్నారు. అసిస్టెంటు డైరెక్టరు నవీన్ అనే కుర్రాడు ముందు చిన్నతల్లి ఇంటికే వెళ్ళాడు.

"పత్తి ఏకడం సూడాలంటే షెడ్డుకి రమ్మను," అంది చిన్నతల్లి. "నానక్కడికొచ్చి ఏటి సెయ్యాలి?"

అందుకని కూర్మమ్మ వెళ్ళింది. తప్పేముంది, పిలిచారు, వెళ్ళింది. డైరెక్టరు పక్కనే కుర్చీ వేశారు. గొడుగు పట్టారు, కొబ్బరిబొండాం చేతికిచ్చారు. అమ్మమ్మా అమ్మమ్మా అంటూ నవీన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షెడ్డులో తనతో పాటు వడికే భారతీ, మిగతా ముప్పై మందీ ఎండలో వరసగా కూర్చుని, తిరగని రాట్నాలు తిప్పుతున్నట్టు చేతులూపుతున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఒక మగాడు "ఇది సరేనా అమ్మా" అని తనని అడగడం కూర్మమ్మకి అదే మొదలు. తల తిరిగిందంటే తిరగదూ మరి.

"ఎడం చేత్తో తిప్పొచ్చా అమ్మమ్మా?" అన్నాడు నవీన్.

"తిప్పొచ్చు బాబూ," అంది, ఊళ్ళో అందరూ తిప్పేది కుడి చేత్తోనే అయినా.

"ఎర్ర నూలు ఉంటుందా?"

"ఉంటాది."

ఇలా ఒక్కో మెట్టూ దిగుతూ పోయింది. మధ్యాహ్నం రెండు షాట్ల మధ్య హీరోయిన్ కూర్మమ్మ ఒళ్ళోని దవడ తీసుకుని, ఏమిటో తెలీక, నవ్వుతూ జుట్టులో పెట్టి దువ్వుకుంది. డైరెక్టరు చటుక్కున లేచి నిలబడ్డాడు. ఎంత బాగుందో, ఎంత బాగుందో అన్నాడు. తర్వాత కూర్మమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మీవైపు ఇలాంటి ఆచారం ఉందా?"

లేదు. ఎక్కడా లేదు. నీచు వస్తువుని ఆడపిల్ల తలకి ఎవరు పెడతారు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గొడుగు చుట్టూ మూగిన సినిమావాళ్ళంతా ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. లేదంటే ఆ ముఖాల్లో వెలుగు పోతుంది, గొడుగు ఇంకొకరి మీదికి పోతుందేమోనని కూడా అనిపించింది.

"ఉన్నాది బాబూ," అంది. అని ఊరుకున్నా బాగుండును. "పెళ్ళికూతురికి దువ్వుతారు," అని కూడా అంది.

పెళ్ళికూతురనే మాట ఎవరూ అందించలేదు. అది సొంతంగా ఆవిడ నోట్లోంచే వచ్చింది. నవీన్ ఫోను అడ్డంగా పట్టుకుని, అమ్మమ్మా మళ్ళీ ఒక్కసారి చెప్పండి అన్నాడు. మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకా బాగా చెప్పింది.

వేసవిలో సినిమా వచ్చింది. షెడ్డులోవాళ్ళంతా రెండు ఆటోలు కట్టించుకుని శ్రీకాకుళం వెళ్ళారు. చిన్నతల్లి రాలేదు. పాట రానే వచ్చింది. తెర నిండా పత్తి, ఎర్ర నూలు, ఆ తర్వాత ఇంకెక్కడో తీసిన ముక్కలో హీరోయిన్ని పెళ్ళికూతురిలా కూర్చోబెట్టి నలభై మంది ఆడవాళ్ళు చేప దవడలతో జుట్టు దువ్వడం. హాల్లో జనం ఈలలు వేశారు. భారతి ముందు ముసిముసిగా నవ్వి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఎవులింట్లో దువ్వుకున్నారే బాబూ సేప ముట్టెతోటి. ఏ బుర్ర తక్కువోలు సెప్పినారో ఈలికి."

కూర్మమ్మ చీకట్లో చీర చెంగు నోట్లో కుక్కుకుంది. తనేనని చెప్పలేదు. అక్కడ చెప్పేసినా నవ్వుల్లో నవ్వుగా పోయేది. వారం తిరిగేసరికి ఫోన్ల నిండా ఆవిడ ముఖమే. డైరెక్టరు, మేము ఆ నేల మీది అసలైన సంప్రదాయాన్నే చూపించామని చెప్పడం, వెనకే కూర్మమ్మ తలూపుతూ "పెళ్ళికూతురికి దువ్వుతారు" అనడం. చిన్నతల్లికి ఆ వీడియో కోడలు హేమ చూపించింది. ఆవిడ రెండుసార్లు చూసి ఫోను తిరిగిచ్చేసిందట, ఏమీ అన్లేదట.

మర్నాడు కూర్మమ్మ షెడ్డుకి వెళ్ళేసరికి తన రాట్నం పక్క చోటు ఖాళీగా ఉంది. చిన్నతల్లి రాట్నం అవతలి గోడ దగ్గర ఉంది. తల దించుకుని వడుక్కుంటోంది.

తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్లు కూర్మమ్మకి కొత్తా? తిట్టలేదు. పలకరిస్తే తలుపు వైపు చూసేది. ఎదురెళ్ళి మాట్లాడడానికి కూర్మమ్మకీ మొహం చెల్లలేదు. ఏమని చెబుతుంది? తెలీక అన్నానంటే మరో అబద్ధం. తెలిసే అంది. నలభై ఏళ్ళు అన్నం పెట్టిన పనిని, నేర్పిన మనిషిని, నాలుగు గంటల గొడుగు నీడకి అమ్ముకుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తల కొట్టేసినట్టయ్యేది. నూలు ముతకగా వచ్చేది. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒక్క "ఊఁ" లేదు.

అలాంటప్పుడు వెనక వీధి కుమారి బొట్టు పెట్టడానికొచ్చింది. ఆవిడ కూతురు శ్రావణి పెళ్ళి.

"పెళ్ళికూతుర్ని సేసిన్నాడు నువ్వే ముందు దువ్వాలి అత్తా. సినిమాలో సెప్పినదానివి నువ్వే కదా. సిన్నతల్లత్తకి కూడా సెప్పీసినాను, వస్తానన్నాది."

అదేం లేదే పిల్లా అని కూర్మమ్మ అందామనుకునేలోపు కుమారి ఇంకో ఇంటి గుమ్మం ఎక్కేసింది. మూడు రోజులు కూర్మమ్మ అదే ఆలోచించింది. మూడో రోజున ఒక నిశ్చయానికొచ్చింది. నలుగురిలో ఆడిన అబద్ధం నలుగురిలోనే కడుక్కోవాలి. పెళ్ళింట్లో, వదిన వినేలా, ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలి. తిట్టేవాళ్ళు తిట్టనీ. వదిన పక్కకి మళ్ళీ రాట్నం వస్తే చాలు.

ఆ ఉదయం పందిట్లో నలుగు అయింది, మంగళస్నానం అయింది. తడి జుట్టు విరబోసుకుని శ్రావణి పీట మీద కూర్చుంది. స్పీకర్లో ఆ సినిమా పాటే. పాటలోలా ఆ జుట్టు ఎగరాలని ఫోటోగ్రాఫరు ఉమాశంకర్ అక్కడ రెండు చిన్న ఫ్యాన్లు కూడా పెట్టించాడు. ఇత్తడి పళ్ళెంలో, బంతిపూల మధ్య దవడ. నిజం దవడ కాదు, ఆన్‌లైనులో తెప్పించిన ప్లాస్టిక్ది, బంగారు రంగుది. పెళ్ళి సామాను అమ్మేవాళ్ళు ఇప్పుడు సెట్టులో కలిపి ఇస్తున్నారట.

కుమారి పళ్ళెం తెచ్చి చేతికివ్వబోయింది. కూర్మమ్మ అందుకోలేదు. చిన్నతల్లి ఎదురుగా, ముత్తైదువల్లో మూడో మనిషిగా నిలబడి ఉంది.

"ఒక మాట సెప్తాను, ఇనండి," అంది కూర్మమ్మ. గొంతు తనకే వినబడనంత చిన్నగా వచ్చింది. మళ్ళీ గట్టిగా అంది. "ఇలాటి ఆసారం మనకి నేదు. ఎప్పుడూ నేదు. దవడ పత్తికి. ఆల్లు కుర్సీ ఏసి గొప్పగా సూసీసరికి ఉన్నాదని అబద్దం ఆడీసినాను. నాదే తప్పు. నాకు సిగ్గుగా ఉన్నాది."

తిట్లు పడతాయని కూర్మమ్మ చెవులు రిక్కించింది.

"నేకపోతే ఏటైంది అత్తా," అంది కుమారి. "బాగున్నాది కదా. మొన్న చీపురుపల్లిలో మా ఆడబిడ్డ కూతురికి కూడా సేసినారు."

"లేదనకండమ్మా," అన్నాడు ఉమాశంకర్ కెమెరా సర్దుకుంటూ. "ఇజయనగరంలో వారానికి రెండు పెళ్ళిళ్ళు తీస్తన్నాను, అందరూ సేస్తన్నారు. కొంచెం ఇటు తిరగండి, ఎండ నెత్తికెక్కీసింది."

అంతలో మూల కుర్చీలోంచి ఎనభై దాటిన జగ్గమ్మ చెయ్యెత్తింది. ఊళ్ళో ఆవిడ కంటే పెద్దవాళ్ళు లేరు.

"నేదంటావేటే కూర్మీ," అంది. "మా అప్ప పెళ్ళికి దువ్వినారు కదా. మా అమ్మ దువ్వినాది. నాకు బాగా గేపకం."

అందరూ, సూసినావా అన్నారు. కూర్మమ్మ జగ్గమ్మ ముఖంలోకి చూసింది. అబద్ధమాడుతున్న ముఖం కాదది. ముసలావిడకి నిజంగానే జ్ఞాపకం ఉంది. అక్కడే భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది కూర్మమ్మకి.

ఎవరూ దువ్వకుండా అలా వదిలేస్తే అపశకునమేమో అని వెనక గుసగుసలు మొదలయ్యాయి. పీట మీద పిల్ల బిత్తరచూపులు చూస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

అప్పుడు చిన్నతల్లి ముందుకొచ్చింది. పళ్ళెంలోంచి ఆ ప్లాస్టిక్ దవడ తీసింది. తిప్పి చూసింది. శ్రావణి జుట్టులో పెట్టి, పైనుంచి కిందికి, పోగు తెగకుండా దువ్వినంత జాగ్రత్తగా దువ్వింది. జనం అక్షింతలు వేశారు. తర్వాత వెనక్కి తిరిగి దవడని మరదలి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు దువ్వకపోతే ఆ గుంటకి అశుభమంటారు," అంది. "పట్టు."

ఎనిమిది నెలల తర్వాత వదిన తనతో అన్న మొదటి మాట అది. ఆ గొంతులో కోపం లేదు, ఇంకేమీ కూడా లేదు.

కూర్మమ్మ దువ్వింది. మూడుసార్లు దువ్వాలని ఎవరో అన్నారు. మూడుసార్లూ దువ్వింది.