రెండు గుప్పెళ్ల ప్రసాదం

మా ఇంట్లో ఏడు రోజుల పారాయణం ముగిసిన సాయంత్రం వాన పట్టుకుంది. రోజూ వరండా నిండిపోయే సత్సంగానికి ఆ రోజు పదిమంది కూడా రాలేదు. అటుకులు, బెల్లం, కొబ్బరి కోరు, ఎండుద్రాక్ష కలిపి చేసిన ప్రసాదం సగానికి పైగా మిగిలిపోయింది. ప్రసాదం పారేయకూడదు. కాళ్ల కింద పడకూడదు. పాచిపోకముందే ఏదో ఒక జీవి నోటికి అందాలి. నేను చిన్నప్పటి నుంచి విన్నదీ, సత్సంగంలో పదిమందికి చెప్పిందీ అదే. పక్కిళ్లకు పంచినా ఇంకా మిగిలింది. గిన్నె అడుగున ద్రాక్షలే ఎక్కువ. రెండు గుప్పెళ్లు తీసి కుక్క పళ్లెంలో పెట్టాను.

అది పొమేరియన్. వీధిలో అందరూ బొచ్చుకుక్క అనేవారు. నాలుగు కిలోలు కూడా తూగదు. నా భర్త గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేసి, ఊపిరితిత్తులు పాడై ఇంట్లో కూర్చున్న ఏడాది దాన్ని తెచ్చుకున్నారు. పేరు పెట్టలేదు. ఆయన "ఒసే" అంటే వచ్చేది.

పూజగది ఉన్న ఇంట్లో కుక్క ఏమిటని మొదట్లో గొడవపడ్డాను. దాని బొచ్చు దూదిలా రాలి దీపపు కుందికి కూడా అంటుకునేది. కానీ ఆయన వంగితే దగ్గు తెర ఆగదు కాబట్టి దాని చాకిరీ నాకే వచ్చింది. చెవుల వెనక ఉండలు కట్టిన బొచ్చు విప్పేదాన్ని. వేళ్ల సందుల్లో పిడుదులు ఏరేదాన్ని. ఎండాకాలం గచ్చు మీద తడిగుడ్డ పరిస్తే నాలుగు కాళ్లూ చాపుకుని పడుకునేది. ఆయనకు ఆయాసం వచ్చినప్పుడు మాత్రం మంచం ఎక్కి, తొడకు ఆనుకుని, ఊపిరి కుదురుకునేదాకా కదిలేది కాదు. నేను పక్కన కూర్చుని నామం చెబితే విసుక్కునే మనిషి, దాని వీపు మీద చెయ్యి వేసుకుని నెమ్మదించేవారు. అది లేకపోతే ఆయన ఏమవుతారో నాకు తెలుసు. తెలిసి కూడా తర్వాత ఆ అబద్ధం ఆడాను.

తెల్లవారేసరికి వాంతులు. ఉబ్బిన ద్రాక్షలు కనబడ్డాయి. ఆయన లేవకముందే తుడిచేశాను. తర్వాత ఇద్దరం దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఆటోలో చీపురుపల్లి వెళ్లి, అక్కడి పశువుల డాక్టరుకు చూపించాం.

"ఏటి పెట్టినారమ్మా దీనికి? చాక్లెట్టు గానీ, ద్రాక్ష గానీ, కిస్మిస్ గానీ తిన్నాదా? కుక్కలకి పడవవి. కిడ్నీలు పోతాయి."

"నాను దగ్గు మందేసుకుని తొంగున్నాను బాబూ, తిండెట్టింది ఇదే," అని ఆయన నా వైపు తిరిగారు. "సెప్పవే."

"పెరుగన్నం," అన్నాను. "ఇంకేటీ పెట్టనేదు బాబూ."

నా నోటికి అడ్డం పడింది భక్తి అని అప్పుడు అనుకున్నాను. నివేదన అయ్యాక అది స్వామి ఎంగిలి. అందులో దోషం ఉందంటే నా నాలుకతో స్వామిని నిందించినట్టే. కానీ దాని కింద ఇంకోటి ఉంది. పారాయణం చేసే మనిషి ఇంట్లో ప్రసాదం తిని కుక్క చచ్చిందన్న మాట బజారులో పడుతుందన్న సిగ్గు. అది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

డాక్టరు వాంతులకు సూది వేసి, ఒక సెలైన్ ఎక్కించి పంపారు. ఇంటికి వచ్చి దాని నాలుక మీద తీర్థం పోశాను. నూట ఎనిమిది సార్లు నామం చేశాను. నిజం ఒక్కటే చెప్పలేదు. వాంతులు తగ్గాయి గానీ అది నీళ్లు ముట్టలేదు, ఉచ్చా పోయలేదు. నోరు పాడువాసన వేసింది.

మూడో రోజు పొద్దున ఆయన దాన్ని ఎత్తుకుని వాకిట్లో ఇసుక మీద నిలబెట్టారు. అది నిలబడలేక ఒరిగిపోయింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, రొప్పుతూ, రెండు చేతులతో దాని నడుం పట్టుకున్నారు.

"ఉచ్చ పోసీవే తల్లీ. సుక్క పోసినా సాలు. ఒసే, ఇనపడతన్నాదేటే?"

నేను లోపలికి వెళ్లి ఫోను తెచ్చాను. ఆయన ఎదుటే, ద్రాక్షలు పెట్టానని డాక్టరుకు చెప్పాను.

"ఆ దినమే సెప్తే కక్కించి, సెలైన్ ఆపకుండా పెట్టి, విశాఖపట్నం పంపించేవోళ్లం కదమ్మా. ఇప్పుడు ఒంట్లో ఏటీ మిగల్లేదు. తీసుకురండి, సూద్దాం."

ఆటో రైలు గేటు దగ్గర ఆగి ఉండగా ఆయన ఒళ్లోనే అది పోయింది.

మర్నాడు సత్సంగం పెద్దావిడ పలకరించడానికి వచ్చింది. అంతా చెప్పాను. ఆమె నా భుజం నిమిరింది.

"ఊరుకోయే. పెసాదం తిని పోనాది, ఎంత పున్నెం సేసుకున్నాదో! వైకుంఠమే దానికి."

ఇలాంటి మాటలు నేనూ ఎన్నో చావు ఇళ్లలో చెప్పాను. మంచం మీద నుంచి ఆయన అన్నారు:

"ఆ పున్నెం నాకొద్దమ్మా. నా కుక్కని నాకిచ్చీమను మీ సామిని."

ఆమె చెవులు మూసుకుని లేచి వెళ్లిపోయింది.

తర్వాతి పారాయణంలో అందరి ముందూ చెప్పాను. ద్రాక్షలున్న ప్రసాదం కుక్కలకు పెట్టకండి, నేను పెట్టాను, అడిగితే అబద్ధం చెప్పాను అని. ఇద్దరు రావడం మానేశారు. స్వామి మీద నాకు అనుమానం లేదు. తన పేరు కాపాడమని ఆ స్వామి నన్ను అడగలేదు. నేనే కాపాడబోయాను.

నా భర్త నన్ను తిట్టలేదు. ఆయాసం వచ్చినప్పుడు గోడ వైపు తిరుగుతారు. ఒక మధ్యాహ్నం అలాగే తిరిగి ఉండి అడిగారు.

"మొదటి దినమే సెప్తే బతికుండును కదే?"

"ఉండునేమో," అన్నాను.

"ఏమో కాదు," అన్నారు.

మళ్లీ దగ్గు తెర వచ్చింది. వీపు నిమురుదామని చెయ్యి చాపాను. ఆయన గోడకు జరిగారు.