గుడి వెనక పెంటపోగు

నాగమల్లేశ్వరికి కోపం వచ్చిందో లేదో ఆమె మొహం చూస్తే తెలియదు, చేతులు చూడాలి. కోపం వచ్చినప్పుడు ఆ చేతులు ఊరికే ఉండవు. ఏదో ఒకటి తోముతాయి, తవ్వుతాయి, చింపుతాయి. 2012 మే నెలలో పదిరోజుల పాటు ఆమె చేతులకు తీరిక లేదు.

ఆమె ఊరు రేపల్లె దగ్గర లంక. చదువు పదో తరగతి. ఎనభై ఆరులో భర్త రాజారావుతో అమెరికాలోని అరోరా వచ్చింది. ఆయన లేత్ మెషీన్ మీద ఇనుప భాగాలు కోసే కార్ఖానాలో చేరాడు, ఆమె స్కూలు వంటగదిలో చేరింది. ఇరవై ఒక్క ఏళ్ళు పిల్లలకు అన్నం వడ్డించింది. పిల్లలు ఒక్క కొరుకు కొరికి పారేసిన యాపిళ్ళను రోజూ నల్ల సంచుల్లో కట్టి బయట పడేసేటప్పుడు ఆమె కడుపు రగిలిపోయేది. తన తండ్రి అరిటి డొప్పను కూడా పెంటపోగు మీదికే విసిరేవాడు. ఆ పోగు పొలాన్ని మేపేది, పొలం తమను మేపేది.

రిటైరయ్యాక ఊళ్ళోని మన గుడి వెనక, పార్కింగ్ లాట్‌కి అవతల ఖాళీ జాగాలో, సరుకులు పేర్చి పారేసిన చెక్క ప్యాలెట్లతో మూడు దొడ్లు కట్టింది. గుడిలో వాడిన పూలు, అరటి తొక్కలు, వంటింటి కూరగాయల చెక్కు మొదటి దాన్లోకి. ఉడుకుతున్నది రెండో దాన్లో. మాగినది మూడో దాన్లో. దండల్లో నైలాన్ దారం ఉంటే కూర్చుని ఒక్కొక్కటే లాగేది. కొబ్బరి చిప్పలు ఓ పట్టాన కుళ్ళవు గనక వాటిని అడుగున బోర్లించేది, గాలి ఆడడానికి. ఒక బుట్ట పచ్చిదానికి మూడు బుట్టల ఎండుటాకులు. ఆ లెక్క ఆమెకు లైబ్రరీలోని బొమ్మల పుస్తకాలు కొంత నేర్పితే, రెండు చలికాలాల పాటు తప్పులు చేసి తక్కినది తనే నేర్చుకుంది. మూరెడు పొడవు కడ్డీ ఉన్న థర్మామీటర్ గుచ్చితే ఫారెన్‌హీట్‌లో నూట నలభై డిగ్రీలు చూపాలి. చుట్టూ మోకాలెత్తు మంచున్నా ఆ పోగు మీద ఆవిరి లేచేది. నాలుగేళ్ళలో ఒక్కరు కూడా వాసనొస్తోందని అనలేదు.

ఆ ఏప్రిల్‌లో ఆమె, రాజారావు టెక్సస్‌లోని కాపెల్‌లో కూతురింటికి మూడు వారాలు వెళ్ళారు. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే గుడి వెనక్కి వెళ్ళింది. పార్కింగ్ లాట్ సగం దాటకముందే పైట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

మొదటి రెండు దొడ్లూ పొంగి పొర్లుతున్నాయి. ప్లేట్లు, గ్లాసులు, తెల్లటి చెంచాలు. వాటి మధ్య పెరుగన్నం, సాంబారు, నూనె కారే పులిహోర, రెండు వారాలుగా ముద్దకట్టి నల్లబడ్డాయి. ఏదో జంతువు రాత్రుళ్ళు వచ్చి తవ్విపోసిన గుర్తులు. థర్మామీటర్ గుచ్చింది. డెబ్బై. శవం కూడా అంత చల్లగా ఉండదనుకుంది. వెనక షెడ్డు పక్కన టార్పాలిన్ కింద దాచిన ఎండుటాకుల సంచులు నలభై రెండు ఉండాలి. పోయిన శరదృతువులో వీధి వీధీ తిరిగి, ఇళ్ళ ముందు పెట్టిన సంచుల్ని అడిగి తెచ్చినవి. టార్పాలిన్ మడిచి ఉంది. సంచులు లేవు.

భోజనాల హాల్లోకి వెళ్ళింది. గోడ మీద పెద్ద రంగుల చార్టు: 'మనకు తెలియాల్సిన నలభై గ్రీన్ మాటలు'. కార్బన్ ఫుట్‌ప్రింట్, రెన్యూవబుల్ ఎనర్జీ, బయోడైవర్సిటీ, సస్టైనబిలిటీ, జీరో వేస్ట్. ఒక్కో మాట పక్కన ఒక్కో వాక్యం. పద్దెనిమిదోది కంపోస్ట్: 'చెత్త దానంతట అదే మట్టిగా మారుట.'

"దానంతట అదే!" అంది నాగమల్లేశ్వరి, ఖాళీ హాల్లో, పైకే.

ఆ చార్టు గుడి గ్రీన్ కమిటీది. కమిటీ పెద్ద శశికాంత్, పక్క ఊరు నేపర్‌విల్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్, నలభై లోపు వయసు. మాట మంచిది, ఎక్కువ. ఆ సాయంత్రమే అతనూ కమిటీ సెక్రటరీ విజయశ్రీ గుడికి వచ్చారు. వాళ్ళ చేతిలో సిటీ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. వెనక ఇళ్ళవాళ్ళు వాసన భరించలేక కంప్లయింట్ చేశారు. పై గురువారం, అంటే పదో రోజున, ఇన్‌స్పెక్టర్ వస్తాడు.

"ఆంటీ, మీరు ఫీల్ అవ్వకండి," అన్నాడు శశికాంత్. "ట్రస్టీలతో మాట్లాడాను. ఆ బిన్స్ క్లోజ్ చేసేద్దాం. బాబ్‌క్యాట్, అదే మట్టి ఎత్తే చిన్న మిషన్, రెంట్‌కి తీసుకుంటే వన్ అవర్‌లో క్లీన్ అయిపోతుంది."

"ఎవరు పోశారు అందులో?"

"ఎర్త్ డే లంచ్ అండి. ఆరు వందల మంది! ఫుల్ జీరో వేస్ట్ ఈవెంట్. ఒక్క ట్రాష్ బ్యాగ్ కూడా బయటికి వెళ్ళలేదు తెలుసా?"

"ఎలా వెళ్తుంది నాయనా? అంతా నా నెత్తినేగా పోశారు."

"ఆంటీ, అవన్నీ కంపోస్టబుల్. ప్యాకెట్ మీదే రాసుంది."

ఆమె చీర కుచ్చిళ్ళ దగ్గర దోపిన అట్టముక్క తీసింది. పొద్దున పోగులోంచి లాగి కడిగి ఆరబెట్టింది. "ఇదిగో ప్యాకెట్. పైన పెద్దక్షరాలు చదివావు. కింద చీమ తలకాయంత అక్షరాలున్నాయి. చదువు."

శశికాంత్ చదివాడు. పెద్ద పెద్ద కంపోస్ట్ ఫ్యాక్టరీల్లో మాత్రమే కుళ్ళుతుందని, పెరటి పోగులకు పనికిరాదని, అలాంటి ఫ్యాక్టరీ మీ ఊళ్ళో ఉండకపోవచ్చని.

"ఈమెయిల్ పంపాను కదా ఆంటీ మీకు, ప్లాన్ అంతా. రెండుసార్లు."

అది నిజమే. కమిటీ ఈమెయిళ్ళు ఆమె తెరిచేది కాదు. మీటింగులకు రమ్మంటే, మీరు మాట్లాడుకోండి నాకు పనుందనేది. ఆ మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది. దాంతో కోపం తగ్గకపోగా ఇంకో పాలు పెరిగింది.

"నా ఆకుల సంచులేవి?"

విజయశ్రీ గొంతు సవరించుకుంది. "అవి... ఫొటోలకి బ్యాక్‌గ్రౌండ్ బాగుండదని యార్డ్ వేస్ట్ ట్రక్‌కి వేయించేశాం ఆంటీ. ఎండిపోయిన ఆకులే కదా అని."

"ఎండిపోయిన ఆకులే," అంది నాగమల్లేశ్వరి. "అన్నంలో బియ్యమే కదా అన్నట్టుంది. బియ్యం పారేసి ఎసరు పెట్టుకున్నారు మీరు. ఎండుటాకు లేని పెంటపోగు కుళ్ళుతుంది గానీ మాగదు."

"పెంట అనకండి ఆంటీ, ప్లీజ్," అంది విజయశ్రీ. " బయటివాళ్ళు వింటే బాగుండదు. కంపోస్ట్ అనండి."

"చార్టు మీద మీరు కంపోస్ట్ అనుకోండి. ఇప్పుడక్కడున్నది మాత్రం అచ్చంగా పెంటే." ఆమె శశికాంత్ వైపు తిరిగింది. "గురువారం దాకా ఆ దొడ్ల మీద చెయ్యి వెయ్యకండి. ఆ ఇన్‌స్పెక్టర్ వచ్చి కాదంటే నేనే నా చేత్తో పీకి పారేస్తాను. ఔనంటే ఎప్పటికీ అక్కడే ఉంటాయి. ట్రస్టీలకు చెప్పు."

మర్నాటి నుంచి మొదలుపెట్టింది. పోగు మొత్తం పారతో కిందికి లాగి టార్పాలిన్ మీద పరిచింది. చెరుకు పిప్పితో చేసిన ప్లేట్లు కుళ్ళే రకమే, వాటిని చింపి ముక్కలు చేసి ఎండు సరుకు కింద వాడుకుంది. చెంచాలూ గ్లాసులూ మాత్రం ఒక్కటీ మెత్తబడలేదు, కొత్తవాటిలాగే ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి గనక బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసింది. వాంతి వచ్చినట్టయితే లేచి కంచె దాకా నడిచి మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఎండు సరుకు చాలలేదు. మే నెలలో రాలిన ఆకులెక్కడ? రాజారావు హాల్లో మిగిలిపోయిన 'గ్రీన్ మాటల' కరపత్రాల కట్టలు చూసి మూడు మోసుకొచ్చాడు.

"మల్లీ, కాగితం కూడా ఎండుదే అంటావుగా. చింపి వేద్దామా?"

ఆమె ఒకటి తీసి బొటనవేలితో రుద్దింది. జారింది. "నున్నటి పూత పూశారండీ. పెంటపోగుకి కూడా పనికిరాదు."

రాజారావు పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మూడో రోజున రోడ్డు పక్క కరెంటు తీగలకు తగిలే కొమ్మలు నరుకుతూ ఒక లారీ కనిపించింది. నరికిన కొమ్మల్ని వెనక మిషన్ పొట్టు కింద కొడుతోంది. రాజారావుని కారు ఆపమని దిగి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి దగ్గరికి నడిచింది. స్కూలు వంటగది ఇంగ్లీషు ఆమెకు చాలు. ఆ పొట్టు ఎక్కడ పారేస్తావని అడిగింది. పన్నెండు మైళ్ళు మోసుకెళ్ళాలని ఆయన విసుక్కున్నాడు. మా గుడి ఒక మైలే అంది. మధ్యాహ్నానికి లారీడు పొట్టు షెడ్డు ముందుకి చేరింది.

పొట్టు ఒక పొర, కుళ్ళు ఒక పొర, మళ్ళీ పొట్టు. మూడో దొడ్డిలోని మాగిన ఎరువు నాలుగు పారలు తోడుకి, పాలకి చేమిరి వేసినట్టు. పైన జానెడు మందాన పొట్టు కప్పింది. శుక్రవారం తొంభై ఐదు. శనివారం నూట పది. ఆదివారం పూజకొచ్చినవాళ్ళు తన వైపు చూసి ముక్కు మూసుకోబోయి, వాసన లేక చెయ్యి దించేసుకోవడం చూసింది. సోమవారం నూట ముప్ఫై ఆరు. అన్నాళ్ళూ కమిటీ నుంచి ఒక్కరూ రాలేదు. శశికాంత్ మాత్రం రాజారావుకి ఫోన్ చేసి, ఎంతవరకు వచ్చిందంకుల్ అని రోజూ అడిగాడు. ఆ సంగతి చెబితే ఆమె ఒకటే అంది: "ఫోన్‌లో వేడెక్కదని చెప్పండి."

గురువారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అరవై దాటిన తెల్లాయన, కాళ్ళకు మట్టి బూట్లు. ఆ బూట్లు చూడగానే ఆమెకు కొంచెం ధైర్యం కలిగింది. శశికాంత్ ఇస్త్రీ చొక్కాతో ముందే వచ్చి నిలబడ్డాడు. ఆయన కారు దిగీ దిగకముందే మొదలుపెట్టాడు. ఇది మా కమిటీ సస్టైనబిలిటీ ఇనిషియేటివ్ అన్నాడు. క్లోజ్డ్ లూప్ అన్నాడు. జీరో వేస్ట్ అన్నాడు. పక్కన నిలబడ్డ నాగమల్లేశ్వరి చేతిలో పార పిడి బిగుసుకుంది. ఏం మనిషి! నిన్నటిదాకా బాబ్‌క్యాట్ అన్న నోరేగా ఇది.

ఇన్‌స్పెక్టర్ తల ఊపుతూ విని, ఈ పోగు తిప్పేది ఎవరని అడిగాడు.

శశికాంత్ చొక్కా చేతులు సర్దుకున్నాడు.

నాగమల్లేశ్వరి షెడ్డులోకి వెళ్ళి సంచి ఈడ్చుకొచ్చి ఇద్దరి కాళ్ళ ముందూ గుమ్మరించింది. పదకొండు వందల చిల్లర చెంచాలు గలగలమంటూ కాంక్రీట్ మీద పరుచుకున్నాయి. "జీరో," అంది, చెంచాల వైపు చూపించి.

ఇన్‌స్పెక్టర్ ఒక చెంచా తీసి వంచి చూశాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి పోగులోకి మోచేతి దాకా దించాడు, చటుక్కున వెనక్కి తీసి చెయ్యి విదిలించాడు. కాలింది. గుప్పెట్లో మిగిలిన దాన్ని వాసన చూశాడు. థర్మామీటర్ నూట నలభై నాలుగు చూపిస్తోంది. వండిన అన్నం మాత్రం ఇందులో ఎప్పుడూ పడకూడదని రాసుకుని, తక్కినదంతా బాగుందని కాగితం ఆమె చేతికే ఇచ్చి వెళ్ళిపోయాడు.

"కంగ్రాట్స్ ఆంటీ!" అన్నాడు శశికాంత్. "నెక్స్ట్ న్యూస్‌లెటర్‌లో పెడదాం. మన కమిటీ తరఫున ఒక సక్సెస్ స్టోరీ..."

"పెట్టు. కానీ ఇవాళ్టి నుంచి నాదీ ఒక రూల్. మీ కమిటీలో ఎవరైనా సరే, మైకులో కంపోస్ట్ అనాలంటే ముందు ఈ పోగు ఒకసారి కిందికీ పైకీ తిప్పాలి. న్యూస్‌లెటర్‌కి కూడా అంతే."

"ఆంటీ, నాకు బ్యాక్ ప్రాబ్లం..."

"నాకు మోకాళ్ళున్నాయి."

రెండు ఆదివారాల తర్వాత శశికాంత్ వచ్చాడు, కొత్త తోట గ్లౌజులు వేసుకుని. వాటికి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. ఆమె పార అతని చేతికిచ్చి బకెట్ మీద కూర్చుంది. పావుగంటకే చొక్కా వీపుకి అంటుకుపోయింది. అరగంటకి గ్లౌజు విప్పి అరచేయి చూసుకున్నాడు. బొబ్బ లేచింది.

"ఆంటీ, అయిపోయినట్టేనా?"

ఆమె లేచి వెళ్ళి పోగు అంచున చేత్తో తవ్వి చూసింది. అడుగున నల్లటి ముద్ద ఒకటి కదలకుండా అలాగే ఉంది. దాంట్లో ఏరేటప్పుడు తప్పించుకున్న ఒక తెల్లటి చెంచా, విరగకుండా, వంగకుండా, మెరుస్తూ.

దాన్ని తీసి అతని జేబులో పెట్టింది.

"ఇంకా కింద ఉంది. దానంతట అదే పైకి రాదు, తిప్పు."