ఊరి పేరు కలిపి పాడే పాట

దయ్యాలున్నాయని ఎవరన్నా చెబితే, "ఉంటే మా ఇంటికి పంపు, రెండు అంట్లన్నా తోముతుంది" అనేదాన్ని. మూడో తరగతితో బడి మానినదాన్నే అయినా కంటికి కనబడనిదాన్ని ఏనాడూ నమ్మలేదు. ఇది మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. పెళ్లినాటికి మా ఆయన నాటకాల కంపెనీలో ఆడవేషాలు కట్టేవాడు. తెర లేవకముందు జనాన్ని పిలిచే పాట ఆయనదే. "కూర మాడితే మాడనీ రావమ్మా, తెర వెనక ఇంద్రలోకమున్నది" అని సాగుతుంది. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి పేరు పాటలో కలపడం వాళ్ల ఆనవాయితీ. అది విని ఆడవాళ్లు నిజంగానే పొయ్యి ఆర్పి పోయేవారట.

నేను ఒక్క ఆటకూ పోలేదు. ఇంట్లో సాధన చేస్తుంటే చెవిన పడిందే. ఒక ఏడు సరిగ్గా నాట్ల వేళ ఈయన కంపెనీ వెంట పోతే పొలం పనంతా నా ఒక్కదాని మీద పడింది. తిరిగి రాగానే మా చంటివాడి తల మీద చెయ్యి పెట్టించి, ఇక పాడనని ఒట్టు వేయించుకున్నాను. మాట తప్పలేదు. యాభై ఏళ్లలో కూనిరాగం కూడా తీయలేదు.

ఆ చంటివాడే ఇప్పుడు దుబాయి పక్కనున్న అజ్మాన్‌లో ఏసీ మెకానిక్. కరోనా తగ్గినాక మమ్మల్ని పిలిపించుకున్నాడు. వచ్చిన మూడో వారమే ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక నోరు తెరవడం మానేశాడు. మింగగలడు, మింగడు. రేపటికల్లా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాలన్నాడు డాక్టర్.

మర్నాడు మధ్యాహ్నం రెండు కావస్తోంది. కొడుకు డ్యూటీకి పోయాడు. జావ చెంచా ఆయన పెదవుల దగ్గర పెట్టాను.

"జరంత తాగుండ్రి. గింజ ఊకెనే పండదు."

ఆయన గోడవైపు తిరిగాడు.

అప్పుడు పాట మొదలైంది. హార్మోనియం లేదు, ఒట్టి గొంతు. పాతికేళ్ల వయసులో ఆయన తీసిన ఆడగొంతు.

వంటగదిలోంచి కోడలు పద్మ పరుగెత్తుకొచ్చింది. "అత్తమ్మా! మామకు మాటచ్చిందా? పాడుతున్నడా?"

"నోరు సూడు పిల్లా" అన్నాను.

పెదవులు బిగించే ఉన్నాయి. పాట ఆగలేదు. ఊరి పేరు వచ్చే చోట "అజ్మాను వారలారా" అని స్పష్టంగా వినబడింది. జావ దుప్పటి మీద ఒలికింది.

"అండ్ల ఈ ఊరి పేరెట్లచ్చింది అత్తమ్మా?" అంది పద్మ.

పాట అయిపోయేదాకా కదల్లేదు. చివరిదాకా వినడం నా జన్మలో అదే మొదలు. ఆగాక, ఇంకెవరితో అనాలో తోచక ఆయనతోనే అన్నాను.

"మంచిగ పాడిండ్రు."

ఆయన తల ఇటు తిప్పి నోరు తెరిచాడు. గిన్నెడు జావ తాగాడు. గొట్టం అవసరం రాలేదు.

తర్వాత అన్నీ వెతికాను. టీవీ ప్లగ్గు కరెంటు దండగని నేనే పీకి ఉంచాను. ఫోన్లు రెండూ చూశాం. పైఇంటి మలయాళీ వాళ్లు ఆ వేళ తాళం వేసుకొని పోయారు. ఆ పాటను ఎవరూ రికార్డు చేయలేదు, కంపెనీ వాళ్లలో బతికున్నవారూ లేరు.

ఆయన మరో నాలుగు నెలలు ఉన్నాడు. రోజూ తిన్నాడు, ఒక్క మాటా అనలేదు. ఆ గొంతు ఆయనదే, అందులో నాకు అనుమానం లేదు. నోరు మూసుకున్న మనిషి గొంతు ఆ గదిలోకి ఎట్లా వచ్చిందో మాత్రం ఈనాటికీ తెలియదు.